షోరూము–షెడ్డు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

వలదు బయట షెడ్డు వారంటి పోవును
క్లీను చేయవలయు కీలుకీలు
తిరిగినట్టి బండి తీరని దాహము
సంతకమ్ము చాలు సారు మాకు

అవతారిక: కారు సర్వీసుకి కంపెనీ షోరూముకి వెళ్లాలా, విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డుకి తోలుకెళ్లాలా అని గృహస్థు ఊగిసలాడుతున్న వేళ, మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు ధరించిన సర్వీస్ అడ్వైజర్ చేసిన ఉపదేశమిది. ఛందస్సు ఆటవెలది. గణాలు కుదిరాయి, యతి కుదిరింది. కుదరనిది ఎస్టిమేటుకీ బిల్లుకీ. రసం మొదటి పాదంలో భయానకం, క్యాష్ కౌంటర్ దగ్గర కరుణం. ప్రతిపదార్థం సులభం కాబట్టి వదిలేస్తున్నాం.

"వలదు బయట షెడ్డు": ఇది నిషేధవాక్యం. నిషేధానికి ప్రమాణం కావాలి. ఏదీ అని అడిగితే "కంపెనీ పాలసీ సార్" అంటారు. అంటే అపౌరుషేయం, ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. పౌరుషేయమైన ప్రమాణం ఒకటుంది, అది మాత్రం ఈ నిషేధానికి విరుద్ధం. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు బయటి మెకానిక్కులకీ దొరకాలంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టకూడదనీ, బయటి పని సరిగ్గా చేయకపోవడం వల్ల చెడిన మేరకే కాదనవచ్చనీ చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకెక్కాయి. ఇన్నేళ్లయినా కౌంటర్ దగ్గర వల్లించే పాఠం మారలేదు.

ఆక్షేపం: వారంటీ ఉన్నన్నాళ్లూ షోరూముకి వెళ్లడమే మంచిది కదా? మంచిదే. మొదటి ఫ్రీ సర్వీసులకి లేబర్ చార్జీ ఉండదు. రికార్డు సవ్యంగా ఉంటే క్లెయిము దగ్గర పేచీ ఉండదు. ఆ మాట మర్యాదగా చెప్పొచ్చు. భయపెట్టి రప్పించడం దేనికి?

"తిరిగినట్టి బండి తీరని దాహము": ఇది తర్కశాస్త్రంలో చెప్పే అనుమాన వాక్యం. బండి పక్షం, దాహం సాధ్యం, తిరగడం హేతువు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే కాబట్టి ఇక్కడ కాస్త ఆగే హక్కు మనకుంది.

కొండ మీద పొగ చూసి నిప్పుందని తేల్చడం నైయాయికుల మొదటి పాఠం. వంటింట్లో పొగా నిప్పూ కలిసే ఉంటాయి. చెరువులో రెండూ ఉండవు. ఈ పాఠం ఏ గురువు దగ్గరా చదవని షెడ్డు మేస్త్రి అన్నంభట్టుని ఒక మెట్టు దాటాడు. నైయాయికుడికి పొగంటే పొగే. మేస్త్రికి పొగ త్రివిధం. సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతున్నట్టు. రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. నల్లపొగైతే ఇంధనం పూర్తిగా కాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ పూడిందో, ఇంజెక్టర్ కారుతోందో. తెల్లపొగ ఎంతకీ వదలకపోతే కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందేమో, హెడ్ గ్యాస్కెట్ చూడాలి. అయితే చలికాలం పొద్దున్నే బండి తీయగానే కాసేపు కనిపించే తెలుపు ఉత్త ఆవిరి. అది చూసి హెడ్ దించితే హేత్వాభాసం, అంటే చెల్లని హేతువు. ఆవిరో పొగో తేల్చుకోకుండా నిప్పుని సాధించబోయేవాణ్ణి బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి న్యాయబిందువులో ఏనాడో పట్టుకున్నాడు. ఆయన కాలానికి గ్యాస్కెట్లు లేవు.

పాఠాన్ని తిరగేస్తే ఇంకా రుచి. పొగ ఉంటే నిప్పుంటుంది గానీ నిప్పున్న చోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగేదీ? పొగ రావాలంటే తడి కట్టె కావాలి. వాదంలో దాగిన ఆ తడి కట్టెనే ఉపాధి అంటారు. అడ్వైజర్ వాదం ఏమిటి? నలభై వేలు తిరిగింది కాబట్టి ఇంజెక్టర్ క్లీనింగ్ కావాలి. పక్కింటి బండీ నలభై వేలు తిరిగింది. పికప్ బాగుంది, మైలేజీ బాగుంది, ఏ క్లీనింగూ ఎరగదు. మరి ఇక్కడి తడి కట్టె ఏది? నెలాఖరు టార్గెట్.

"కీలుకీలు": కర్మలు నిత్య, నైమిత్తిక, కామ్యాలని మూడు. పదివేల కిలోమీటర్లకో ఏడాదికో ఆయిలూ, ఆయిల్ ఫిల్టరూ మార్చడం నిత్యం. బంపర్ పగిలితే నైమిత్తికం. టెఫ్లాన్ కోటింగ్, ఇంటీరియర్ షాంపూ, ఏసీ డిసిన్‌ఫెక్షన్ కామ్యాలు. కోరిక ఉన్నవాడే చేయాలి. కామ్యాన్ని నిత్యంలో కలిపి రాయడమే జాబ్ కార్డు రహస్యం.

ఏసీ ఫిల్టర్ సంగతి చూడండి. చాలా చిన్న కార్లలో గ్లవ్ బాక్సుని రెండు పక్కలా నొక్కి కిందికి దించితే వెనక సన్నటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. క్లిప్పు తీస్తే ఫిల్టర్ చేతికొస్తుంది, మడతల్లో ఎండిన వేపాకులతో సహా. బాణం గుర్తు చూసుకుని కొత్తది లోపలికి తోస్తే పని అయిపోయింది. దీనికి విడిగా లేబరు, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఆ కింద "కన్సూమబుల్స్" అని ఇంకో పంక్తి! ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఈ బిల్లు రాసినవాడు ఆ ప్రతిజ్ఞని తిరగేసి పట్టినట్టున్నాడు.

"సంతకమ్ము చాలు": పద్యానికి ప్రాణం ఇక్కడుంది. వీళ్లకి యజమాని కళ్లు వద్దు, చెవులు వద్దు, సంతకం చాలు. ఏసీ గదిలో సోఫా, కాఫీ మెషీను, అద్దం గోడ. బండి విప్పిన మనిషితో ఒక్క మాట మాట్లాడనివ్వరు. పాత బ్రేక్ ప్యాడ్లు చూపించమంటే "స్క్రాప్‌లోకి వెళ్లిపోయాయి సార్". డబ్బు పెట్టి కొన్న వస్తువు, అరిగిందో లేదో చూస్తానంటే నేరమా? షెడ్డులో మేస్త్రి ప్యాడ్ ఊడదీసి మన చేతిలోనే పెడతాడు: "చూడండి సార్, ఇంకా సగం ఉంది. వచ్చే సర్వీసుకి మారుద్దాం."

షెడ్డుకీ దోషాలున్నాయి. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద అంకెలు. "ఒరిజినలే సార్" అన్న ఫిల్టర్ డబ్బా మీద కంపెనీ పేరులోనే అక్షరం తప్పు. సాయంత్రమంటే ఏ రోజు సాయంత్రమో చెప్పడు. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే అతని చెవీ ముక్కూ చాలవు, స్కానర్ కావాలి.

తాత్పర్యం: వారంటీ ఉన్నన్నాళ్లు షోరూము, అది తీరాక పాత పార్టు చేతిలో పెట్టే మేస్త్రి. ఎక్కడైనా ఆయిల్ గ్రేడ్ ఓనర్స్ మాన్యువల్లో ఉన్నదే పోయించాలి.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవాడు జాబ్ కార్డులో కామ్యాలన్నీ కొట్టేయుగాక. "మార్చిన పార్టులు డిక్కీలో పెట్టవలెను" అని రాయించిన తర్వాతే సంతకం పెట్టుగాక. వాళ్లు "రాయం" అంటే, తాళం వెనక్కి పుచ్చుకొనుగాక.