నాలుగో ముద్రణ కాకిలెక్కలు

ఒక కొత్త తెలుగు నవల పది రోజుల్లో నాలుగో ముద్రణట! శుభం. పోస్టరు చూశాను. అట్ట బొమ్మ మీద ఎర్రటి గుండ్రటి ముద్ర, అందులో తెల్లక్షరాలతో ఆ ముక్క. రచయిత పేరు కన్నా ఆ ముద్రే పెద్దది. మేమింకా మొదటి ముద్రణలో సగం కూడా చదవలేదు, ఈలోగా మరో మూడు దాటిపోయాయి. చదవడంలో ఇంత వెనకబడతానని నేను ఊహించలేదు.

ఆనందం కాస్త తగ్గాక ఒక సందేహం వచ్చింది. ముద్రణకి ఎన్ని ప్రతులు?

ఇంట్లో పాత తెలుగు పుస్తకం ఏదైనా ఉంటే అట్ట తిప్పి చూడండి. వెల ఎంతో, అచ్చు వేసిన ప్రెస్సు ఏదో ఉన్నచోటే ‘ప్రతులు: 1000’ అని ఉంటుంది. కొన్నింటి మీద 500 అనే ఉంటుంది. ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడలేదు. ఇప్పటి నవలల్లో ఆ పేజీ నిండా అక్షరాలే. ఐఎస్‌బీఎన్ ఉంటుంది, కాపీరైటు బెదిరింపు ఉంటుంది, అట్ట వేసిన కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్ పేరు ఉంటుంది. ప్రతుల సంఖ్య మాత్రం ఉండదు.

ప్రింట్ ఆన్ డిమాండ్ వచ్చాక 50 వేసినా ముద్రణే, 100 వేసినా ముద్రణే. అందులో తప్పు లేదు. వెయ్యి వేసి ఎనిమిది వందలు మంచం కింద పెట్టుకున్న రచయితల్ని చూసినవాణ్ణి, ఆ పద్ధతి వాళ్ళ పాలిట వరమే. కానీ యాభై కాగానే ‘ముద్రణ’ అంకె మార్చి డప్పు కొడితే ఎలా? ఆ లెక్కన మా మేనకోడలి పెళ్ళి శుభలేఖ ఎనిమిదో ముద్రణ. చుట్టాలు గుర్తొచ్చినప్పుడల్లా మా బావ ప్రెస్సుకి పరిగెత్తాడు మరి.

పుస్తకాల పండగలో ఈ అంకెకున్న గిరాకీ చూడాలి. స్టాల్లో కుర్రాడు ‘ఫస్ట్ ప్రింట్ అయిపోయింది సార్, సెకండ్ కూడా లాస్ట్ ఐదే ఉన్నాయి’ అన్నాడు. పక్కనున్న పెద్దమనిషి వెంటనే రెండు తీసుకున్నాడు. నవల దేని గురించో అడగలేదు. రచయిత ఎవరో కూడా అడగలేదు. సంతకం చేయించుకున్నాడు, సెల్ఫీ దిగాడు, వెళ్ళిపోయాడు. ఆ రెండు ప్రతులూ జన్మలో తెరుచుకోవని నేను పందెం కాస్తాను.

ఒక మిత్రుడి దగ్గర అలాంటి నవలే ఒకటి మొదటి ముద్రణది ఉంది, నా దగ్గర నాలుగోది. పక్కపక్కన పెట్టి చూశాం. మొదటిదాంట్లో నాయకుడి మేనమామ పెళ్ళిచూపుల దాకా వెంకట్రావు, పెళ్ళి నాటికి వెంకటేశం. నాలుగోదాంట్లోనూ అంతే. పెళ్ళిచూపుల్లో వెంకట్రావు, పెళ్ళిలో వెంకటేశం. ‘అమ్మమ్మ’ ఒత్తు ఊడి ‘అమమ్మ’ అయిన చోట్లు కూడా ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి. అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చేటప్పుడు ఒత్తులు రాలిపోతాయని అచ్చు పని తెలిసిన ఎవరైనా చెబుతారు. రాలినవాటిని ఏరి పెట్టడానికే ప్రూఫ్ అనేది ఉంది. నాలుగుసార్లు మిషన్ ఎక్కిన పుస్తకాన్ని, దాన్ని అమ్ముకుంటున్నవాళ్ళు ఒక్కసారి కూడా చదవలేదు!

ఇక వెటకారం నా వల్ల కాదు. 350 రూపాయలు తీసుకుని చిత్తుప్రతి అంటగడుతున్నారు. ఎడిటర్ అనే మనిషి లేడు. ఉన్నాడని మొదటి పేజీల్లో పేరు వేస్తారు, ఆయన చేసిందల్లా ముందుమాట రాయడం. వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చిన రోజుల్లో, ఆ సీరియళ్ళని ఎంత తిట్టుకున్నా, రచయితకీ అచ్చుకీ మధ్య ఒక సంపాదకుడు కూర్చునేవాడు. ఇప్పుడు ఆ కుర్చీ తీసేసి అక్కడ రింగ్ లైట్ పెట్టారు. పాఠకుడంటే ఇంత చులకనా? కొనడానికీ, కొన్నట్టు ఫొటో పెట్టడానికీ తప్ప మేమెందుకూ పనికిరామా?

సరే, ఒత్తులన్నీ పెట్టుకుని కథలోకి వెళ్దాం. ఈ మధ్య చదివిన నవలలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి నాకు ఒక్కటిగానే గుర్తున్నాయి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, విసుగు, రాజీనామా, ఊరికి రాత్రి బస్సు. మూడో అధ్యాయంలో అమ్మమ్మ పోతుంది. ఊరంటే చెరువు, రావిచెట్టు, జాతర. పొలం ఎవరి పేరు మీద ఉంది, కౌలు ఎంత, బోరు ఎన్ని వందల అడుగుల్లో పడింది, ఏ వాడవాళ్ళు ఏ బావి దగ్గరికి రాకూడదు, ఒక్క వాక్యం ఉండదు. పోయేలోపు మాండలికంలో మాట్లాడేది అమ్మమ్మ ఒక్కతే. ముందుమాటలు నాలుగు, నాలుగింట్లోనూ ముగింపు చెప్పేస్తారు. ‘ఏకబిగిన చదివేశాను’ అని మురిసిపోయేవాళ్ళు ఆ అక్షరాల సైజు ఒకసారి చూసుకోవాలి.

మనకి రాయడం రాదని ఎవరూ అనకండి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ చదవండి. కరువులో గొర్రెల మందని నల్లమలకి తోలుకెళ్ళడమంటే ఏమిటో, నీళ్ళెక్కడ దొరుకుతాయో, పులి భయం ఎలా ఉంటుందో, ఆ పని తెలిసినవాళ్ళ నోటితో చెప్పిన నవల అది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 18వ శతాబ్దపు అనంతపురం సీమని కులం, కరువు, పాలెగాళ్ళతో సహా నిలబెట్టింది. దానికి 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో ఉన్నది ఒక ముసలివాడు, ఒక పంది, ఒక అడవి. ఇంచుమించు ఒక్క రాత్రి కథ. అందులో నుంచి ఒక్క పేజీ చింపి చూడండి, కథ కుంటుతుంది. నేను పైన చెప్పిన నవలల్లో నలభై పేజీలు చింపినా మేనమామ పేరొక్కటే బాగుపడుతుంది.

కాబట్టి పాఠక మహాశయులకి ఒక మనవి. ఈసారి కొన్న నవలలో పేర్లు మారినా, ఒత్తులు ఊడినా పేజీ నంబర్లు వేసి ప్రచురణకర్తకి పంపండి. డబ్బు వాపసు అడగండి. ఇవ్వరు. అయినా అడగండి.