కుండీలో ధన్వంతరి

1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, గాలి చొరని పెట్టెలలో మొక్కలను నిలిపి పరీక్షించి, అవి బెంజీను, ఫార్మాల్డిహైడు వంటి వాయువులను కొంత హరించునని తెలిపినది మొదలు, నర్సరీవారు మనీప్లాంటుకును స్నేక్‌ప్లాంటుకును ధన్వంతరి బిరుదమొసగి విక్రయించుచున్నారు. అయితే, గదిలో సహజముగా వచ్చిపోవు గాలి చేయు మేలునకు సాటి రావలెనన్న చదరపు మీటరునకు 10 మొదలు 1000 మొక్కల వరకు కావలెనని 2019 నాటి సమీక్ష యొకటి లెక్కగట్టినది. అనగా మొక్కలను ఇంట నిలిపి, గృహస్థుడు వరండాలో కాపురముండవలెను! కిటికీలు బిగించి, దోమలబత్తియు అగరుబత్తియు వెలిగించి, ఆ పొగనంతయు మ్రింగుమని మూలనున్న మనీప్లాంటును ఆజ్ఞాపించు మహానుభావులారా, దాని ఆకులపై పేరిన దుమ్మునైనను తుడిచితిరా? తెరచిన కిటికీకి వెల లేదు. అందుచేతనే కాబోలు, దానికి గిరాకీయు లేదు.