పాత పుస్తకపు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఆ.వె. అట్ట లేనిదైన నరువదికే వచ్చు
బొమ్మ లున్నఁ జాలు పుటలు చిరుగ
మనసులోతుఁ జూపు మాటలు గలదిది
మరల రాదు సారు, మరల రాదు

అవతారిక

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారంనాడు మూసి ఉన్న దుకాణాల షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు కుప్పలు పోస్తారు. పోటీ పరీక్షల గైడ్లు, ఇంగ్లీషు నవలలు, కాలం చెల్లిన కంప్యూటర్ పాఠాలు ఆ కుప్పల్లో పైన తేలుతాయి. మనోవిశ్లేషణ, అనగా మనిషి కలల్లో, మాటల తడబాటులో, చేతల పొరపాట్లలో అతనికే తెలియని కోరికలను వెతికి చూపే శాస్త్రం, చిత్రకళ జోలికి వెళ్ళిన చోట పుట్టిన పుస్తకాలు మాత్రం బరువు కొద్దీ అడుగుకు దిగుతాయి. వాటినే ఏరుకునే అల్పసంఖ్యాక పాఠకజాతి ఒకటి ఉన్నది. ఆ జాతివాడు కుప్ప ముందు గొంతుకూర్చోగానే అమ్మేవారు పలికే పలుకులకు ఛందస్సు కట్టగా వచ్చినదే ఈ ఆటవెలది. దీని కర్తృత్వం కుప్పకొకరికి చెందుతుంది.

ప్రతిపదార్థం

అట్ట లేనిదైనన్ = పై అట్ట ఊడిపోయినదైనా; అరువదికే = అరవై రూపాయలకే; వచ్చున్ = లభించును. ‘అరువదికే’లోని ఏకారం అవధారణార్థకం, అనగా నొక్కి చెప్పడానికి చేర్చినది, ధర తక్కువ అని కొనేవాడికి తోచకముందే అమ్మేవాడు తోపించడం దాని ప్రయోజనం. ‘ఇత్తును’ అనకుండా ‘వచ్చు’ అనడంలో పుస్తకం తనంతట తానే నడిచి వస్తున్నదన్న భావం గోచరిస్తుంది. బేరంలో ఇద్దరికీ బాధ్యత లేకుండా చేసే క్రియ ఇది.

బొమ్మలు ఉన్నన్ = చిత్రాలు మిగిలి ఉంటే; చాలున్ = అంతే పదివేలు; పుటలు చిరుగన్ = పుటలు చిరిగినా. ఇక్కడ ‘చిరుగ’ అన్న రూపం ‘చిరిగినప్పటికీ’ అన్న అర్థాన్ని తనంతట ఇవ్వదు కనుక ‘ఐనను’ అన్న పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. అధ్యాహారమంటే మూలంలో లేని పదాన్ని అన్వయం కుదరడానికి తెచ్చుకోవడం. ఆ పదం మొదట ఉండేదనీ, చిరిగిన పుటలతోపాటు పోయిందనీ వాదించేవారున్నారు.

మనసులోతున్ = మనసు అడుగును; చూపు = కనబరిచే; మాటలు గలది ఇది = మాటలున్న పుస్తకమిది. సారు = అయ్యా. ‘మేడం’, ‘అన్నా’, ‘భాయ్’ అన్న పాఠాలూ వినవస్తాయి. గణభంగాన్ని ఎవరూ పట్టించుకోరు.

విశేషాలు

‘బొమ్మ లున్నఁ జాలు’ అన్నది ఉబుసుపోక మాట కాదు. ఇటువంటి పుస్తకాల్లో బొమ్మలను నున్నటి ఆర్ట్ పేపరు మీద విడిగా అచ్చువేసి తరచూ ఒకే చోట చేర్చి కుడతారు. కుట్టు వదిలితే ముందు జారిపోయేవి అవే, ఫ్రేము కట్టించుకోవడానికి జనం చింపుకునేవీ అవే. కనుక తెలిసినవాడు ముందు బొమ్మల జాబితా తీసి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటాడు. మనోవిశ్లేషకురాలు మారియన్ మిల్నర్ 1950లో జోఅన్నా ఫీల్డ్ అన్న మారుపేరుతో ప్రచురించిన, బొమ్మ గీయలేకపోవడం గురించిన పుస్తకంలో ఆమె సొంత గీతలే వాదానికి సాక్ష్యాలు. ఆ గీతలు పోయిన ప్రతి, పెళ్ళికొడుకు దిగని విడిది.

‘మనసులోతుఁ జూపు మాటలు’ అన్నప్పుడు ముందు స్ఫురించేది లియొనార్డో డావించి మీద, మనోవిశ్లేషణకు ఆద్యుడైన వియన్నా వైద్యుడు ఫ్రాయిడ్ 1910లో రాసిన చిన్న పుస్తకం. ఇందులోని కథ టీకాకారులందరూ చెవిన వేసుకోదగినది. తాను ఉయ్యాలలో ఉండగా ఒక పక్షి వచ్చి తోకతో నోరు తెరిచి, పెదవుల నడుమ పలుమార్లు కొట్టినట్టు లియొనార్డో రాసుకున్నాడు. ఆయన ఇటాలియన్ మాట ‘నిబ్బియో’, అనగా గద్ద. ఫ్రాయిడ్ ఆధారపడిన జర్మన్ అనువాదంలో అది రాబందైంది. పురాతన ఈజిప్టులో మూత్ అనే మాతృదేవతకు రాబందు గుర్తు. రాబందులన్నీ ఆడవేనని, గాలి వల్లనే గర్భం ధరిస్తాయని ప్రాచీనుల నమ్మకం. దాని మీద ఫ్రాయిడ్ తండ్రి అండలేని పసివాడి మనసును అంతస్తులుగా కట్టుకుంటూ పోయాడు. 1913లో ఆయన అనుయాయి ఆస్కార్ ఫీస్టర్, పారిస్ లూవ్ర్‌లోని మరియమ్మ చిత్రంలో ఆమె నీలివస్త్రపు మడతల్లో సాక్షాత్తు రాబందునే చూశాడు. 1923లో ఎరిక్ మాక్లగన్ ఇంగ్లండులోని ఒక కళాపత్రికలో అసలు పక్షి గద్ద అని ఎత్తిచూపాడు. 1956లో మేయర్ షపీరో అనే కళాచరిత్రకారుడు, ఎగరడంలో తోకను చుక్కానిలా వాడే పక్షిగా గద్దను లియొనార్డో శ్రద్ధగా గమనించాడని గుర్తుచేసి, ఆ జ్ఞాపకానికి ఈజిప్టు దాకా వెళ్ళనక్కరలేదన్నాడు.

మెదక్ ప్రాంతపు కొల్చారం పేరును ఇంటిపేరులో నిలుపుకున్న కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ కాళిదాస కావ్యాల వ్యాఖ్యలకు ముందే ప్రతిజ్ఞ చేశాడు. వియన్నా వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఒక్క పక్షి దగ్గర తప్పాడు. అయినా ఆయన పద్ధతి టీకాకారుడి పద్ధతే. మైకెలాంజిలో చెక్కిన మోసెస్ విగ్రహం మీద 1914లో ‘ఇమాగో’ పత్రికలో పేరు లేకుండా ప్రచురించి, పదేళ్ళ తరువాత గాని తనదని ఒప్పుకోని వ్యాసంలో, ఫ్రాయిడ్ చూపంతా గడ్డంలో ఇరుక్కున్న ఒక చూపుడువేలి మీద, జారబోతున్న ధర్మఫలకాల మీద నిలిచింది. మోసెస్ కోపంతో లేవబోవడం లేదని, లేవకుండా తన్ను తాను ఆపుకుంటున్నాడని ఆ రెండు గుర్తుల నుంచే తేల్చాడు. చెవి తమ్మెలను, గోళ్ళను బట్టి చిత్రకారుణ్ణి పోల్చే మొరెల్లి అనే ఇటలీ పండితుడి విద్యతో తన విద్యకు చుట్టరికం ఉందని ఆ వ్యాసంలోనే చెప్పుకున్నాడు. పైకి కనబడే కల వాచ్యార్థం, అడుగునున్న కోరిక వ్యంగ్యార్థం అనుకుంటే కావ్యంలో ధ్వనిని ప్రతిపాదించిన ఆనందవర్ధనుడి శిష్యులకు ఇందులో కొత్త ఏమీ లేదు, గది అద్దె తప్ప.

సేకర్తలు రాబందు వల్ల ఈ పుస్తకాన్ని వదులుకోరు. రాబందు కోసమే కొంటారు. 1916 నాటి బ్రిల్ ఆంగ్లానువాదంలో అది నిశ్చింతగా ఎగురుతుంది. స్ట్రేచీ సంపాదకత్వంలో 24 సంపుటాలుగా వచ్చిన ఫ్రాయిడ్ సమగ్ర రచనల 11వ సంపుటంలో సంపాదకుడి ముందుమాట దాని రెక్కలు కత్తిరిస్తుంది. తప్పు సవరించని ప్రతి, సవరించిన ప్రతి పక్కపక్కన ఉంటే గాని వారి అలమర నిండదు. ఇక పెంగ్విన్ వారి పెలికాన్ శ్రేణిలో వచ్చిన ప్రతి దొరికిందంటే పక్షులు మూడవుతాయి, ప్రచురణ చిహ్నమైన గూడబాతుతో సహా. మధ్యయుగపు క్రైస్తవ చిత్రాల్లో గూడబాతు తన రొమ్ము పొడుచుకుని పిల్లలకు నెత్తురు తాగించే తల్లి. ఇది మూలంలో లేదు కనుక మల్లినాథుడి మీది గౌరవంతో ఇక్కడితో విరమించడమైనది.

పూర్వపాఠకుల గీతలు ఈ మూలానికి ఉపటీకలు. మొదటి పుటల్లో స్కేలు పెట్టి గీసిన ఎర్రగీతలు, మార్జిన్లో ఆశ్చర్యార్థకాలు కనిపిస్తాయి. ఇరవయ్యో పుట దాటాక కాగితం పాలలా తెల్లగా ఉంటుంది. చికిత్సకు వచ్చినవాడు అసలు విషయం దగ్గరపడేసరికి మాట మార్చడాన్ని మనోవిశ్లేషకులు ప్రతిరోధం అంటారు. అమ్మేవారు దాన్నే ‘లోపలంతా కొత్తదే సార్’ అంటారు.

నాలుగో పాదంలోనిది లాటానుప్రాస. అర్థం ఒకటే అయి తాత్పర్యం మాత్రం వేరయ్యేలా పదం మళ్ళీ రావడం దాని లక్షణం. మొదటి ‘మరల రాదు’ పుస్తకాన్ని గురించి, రెండోది ఈ ధరను గురించి. గైడ్లకైనా వంటల పుస్తకాలకైనా ఇదే పాదం పలుకుతారు కనుక దీన్ని మకుటంగా ఎంచి, ఆబిడ్స్ మొత్తాన్ని ఒక శతకంగా పరిగణించవచ్చు. శాస్త్రవిరోధం మాత్రం ఒకటున్నది: అణచిపెట్టినది వేషం మార్చుకుని తప్పక తిరిగి వస్తుందని ఫ్రాయిడ్ సిద్ధాంతం. అయినా ఆయన సొంత పుస్తకాలే పద్యం పక్షాన నిలిచాయి. 1938లో నాజీల నుంచి తప్పించుకుని వియన్నా విడిచినప్పుడు ఆయన తన 2000కు పైబడిన పురాతన ప్రతిమలను లండనుకు తెప్పించుకున్నాడు గాని, పుస్తకాల్లో సుమారు 800 అక్కడి హింటర్‌బెర్గర్ అనే పాత పుస్తకాల వ్యాపారి చేతిలో పడి, 1939లో న్యూయార్కులోని ఒక మనోవైద్య సంస్థకు అమ్ముడుపోయాయి. మనసు లోతు చూసినవాడి పుస్తకాలూ చివరికి సెకండ్ హ్యాండే.

పాఠాంతరం

తరువాతి ఆదివారం అదే పుస్తకం అదే కుప్పలో ఉండగా మొదటి పాదం ‘అట్ట లేనిదైన యాబదికే వచ్చు’ అని వినబడుతుంది. నలగణం స్థానంలో భగణం వచ్చినా రెండూ ఇంద్రగణాలే. అకారానికి యాకారంతో యతి చెల్లుతుంది. పద్యానికి ఏ లోపమూ లేదు, పది రూపాయలు తగ్గాయి తప్ప. నాలుగో పాదం యథాతథం. ‘అరువది’ అన్నదే ప్రామాణిక పాఠమని, కిందటి వారం ఇంకో ప్రతి కొని ఇంటికి పట్టుకుపోయిన పండితులు ఘంటాపథంగా చెబుతారు.