ముక్కుకొన మీద ఎండ

డిసెంబరు వచ్చిందంటే టెల్కో కాలనీలో క్వార్టర్ల లోపలి కుర్చీలన్నీ బయటికొచ్చేస్తాయి. వీపు ఎండకిచ్చి, ఒళ్ళో కమలాపళ్ళు పోసుకుని పెద్దలంతా కూర్చుంటారు. హిందీవాళ్ళు దీన్ని ‘ధూప్ సేక్‌నా’ అంటారు. నలభై ఏళ్ళ కింద శ్రీకాకుళం నుంచి వచ్చిన మన పెద్దమ్మలు ‘ధూప్ తీసుకోడం’ అని తెలుగు చేసేశారు. ఆ సభలో మూడు నెలల మనవడూ ఉంటాడు. నెత్తిన మంకీ క్యాపు, కాళ్ళకీ చేతులకీ మేజోళ్ళు, పైన శాలువా. వాడి ఒంట్లో ఎండ తగిలే జాగా ఎక్కడుందా అని వెతికితే ముక్కుకొన దొరుకుతుంది.

అలాంటివాడికి డాక్టరు రోజూ 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు రాస్తే ఇంటిల్లిపాదికీ కోపం. “ఓలమ్మో, ఇంత ఎండుండగా మందేటే?”

పోనీ, మార్చిలో క్యాపు తీస్తారా? “నల్లబడిపోతాడమ్మా!” ఇక అక్కణ్ణుంచి ఎండ కిటికీ అద్దానికి అవతలే. అద్దం వెలుతురు రానిస్తుంది, వేడి రానిస్తుంది; చర్మంలో విటమిన్ డి పుట్టించే కిరణాలను మాత్రం బయటే నిలబెడుతుంది. పైగా మన ఛాయకు ఆ విటమిన్ తయారవ్వాలంటే తెల్లటి ఒంటికన్నా ఎక్కువసేపు ఎండ కావాలి. నెలల బిడ్డను మాడే ఎండలో పడుకోబెట్టమని ఏ డాక్టరూ చెప్పడు. ఆ చుక్కలు రాసేది అందుకే.

“తల్లిపాలల్లో లేనిదేటుంది?” అన్నది తర్వాతి బాణం. ఉన్నదంతా అమృతమే, ఈ ఒక్క పద్దు దగ్గరే బీదరికం. లీటరు పాలు తాగినా 80 యూనిట్లు దాటడం కష్టం. పగలంతా వంటింట్లో ఉండే తల్లికే లేనిది పాలల్లోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏడాది నిండేదాకా రోజుకు 400 ఇమ్మని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతున్నది ఇందుకే. ఇవ్వకపోతే దొడ్డికాళ్ళు, ఒక్కోసారి కాల్షియం పడిపోయి ఫిట్సు.

తల్లిపాలు తప్ప మరోటి వద్దనే ఈ ఇంట్లోనే పుట్టిన మూడోనాడు నాలిక్కి తేనె రాశారు. ఏడాదిలోపు పసివాళ్ళకు తేనె ప్రాణాంతకం కావచ్చు. ఆ తర్వాత వస అరగదీశారు, గ్రైప్ వాటర్ పట్టారు. అవన్నీ ఆచారాలట, మందు కాదట!

మొన్న ఓ క్వార్టర్లో చూశాను. ఆ సీసా మిల్లీలీటరుకు 800 యూనిట్లది. కోడలు డ్రాపరును వెలుతురుకు ఎత్తి, సగం గీత దగ్గర ఆపి, బిడ్డ బుగ్గలో వేయబోయింది.

“ఇప్పట్నించే మందులు అలవాటు చేసేకే,” అంటూ అత్తగారు మోకాళ్ళ నొప్పులకని వారం వారం తాగే 60,000 యూనిట్ల సాచెట్ చింపింది. మనవడికి అయిదు నెలలు సరిపోయే సరుకు. గ్లాసులో పోసి, చెంచాతో కలిపి, కుర్చీ ఎత్తుకుని ధూప్‌లోకి వెళ్ళింది.