జేబులో టైమౌట్లు

తుంగభద్ర ఎడమ కాలువ కింద, గోరేబాళ చుట్టుపక్కల క్యాంపుల్లో ఏ చివరి ఆయకట్టు రైతునడిగినా చెబుతాడు, పైన తూములన్నీ బార్లా ఎత్తేస్తే కింద మడికి నీళ్లు రావని. కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్లను నడిపే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్లకు మాత్రం ఈ లెక్క ఎందుకో ఎక్కదు. మూడు క్వార్టర్లు మొదట దింపిన ఐదుగురినే పరిగెత్తిస్తారు. నాలుగో క్వార్టరులో కాళ్లు లేవకపోతే తీర్పు సిద్ధంగా ఉంటుంది: "ఆడపిల్లలు కదండీ, ఒత్తిడి తట్టుకోలేరు."

ఒత్తిడి ఎవరికో కాస్త బెంచీ వైపు చూస్తే తెలుస్తుంది. పది పాయింట్లు పైన ఉన్నంతసేపూ సారు కుర్చీలో రాజులా ఉంటారు. ఆధిక్యం ఆరుకు దిగగానే లేచి "ఆపి ఆడండి, ఆపి ఆడండి" అని కేకలు మొదలు. అప్పటిదాకా ఉరికి ఉరికి బుట్టలు వేసిన పిల్లలు సగం గీత దగ్గర బంతిని ఒకరికొకరు అప్పగించుకుంటూ నిలబడతారు. 24 సెకన్ల గడియారం మూడుకు దిగాక ఎవరో గాల్లోకి విసురుతారు. అది రింగునైనా తాకదు. అవతలి జట్టు దాన్ని అందుకుని లేఅప్ వేసి వస్తుంది. బెంచీ మీద మాత్రం ముగ్గురు పిల్లలు జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని కూర్చుని ఉంటారు. చెమట పట్టని ఆ ముగ్గురూ జట్టులోనే ఉన్నారని సారుకు గుర్తు చేసేవారుండరు.

ఇక టైమౌట్లు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధన ప్రకారం రెండో సగంలో మూడు. చివరి రెండు నిమిషాల్లో రెండే వాడాలి. అంటే మూడూ దాచుకున్నవారికి ఒకటి మురిగిపోతుంది. ప్రత్యర్థి వరుసగా ఎనిమిది పాయింట్లు కొడుతున్నా సారు చేయి లేవదు. లేచేసరికి గడియారంలో నలభై సెకన్లుంటాయి. దొరికిన ఆ ఒక్క నిమిషంలో సగం మార్కరు మూత వెతకడానికి, మిగతా సగం "ఏం చెప్పానమ్మా మీకు?" అనడానికి సరి. చివరికి వ్యూహం బయటపడుతుంది: బంతి ఫలానా అమ్మాయికే ఇవ్వండి. ఆ రహస్యం స్కోరు రాసే కుర్రాడికి కూడా ముందే తెలుసు.

"అమెరికాలోనూ ఇంతే" అని సార్ల వకాల్తాదారులు అంటారు. నిజమే, కోచ్‌ల వరకు. 2017లో అక్కడి కాలేజీ ఆడపిల్లల జాతీయ టోర్నీ సెమీఫైనల్లో కనెటికట్ జట్టు 111 వరుస విజయాలకు ఓవర్‌టైమ్ ఆఖరి షాట్‌తో తెర దించింది మిసిసిపీ స్టేట్ అమ్మాయి మోర్గన్ విలియమ్. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. రెండు రోజులకే ఫైనల్ వచ్చింది. నాలుగో క్వార్టరంతా కోచ్ విక్ షేఫర్ ఆమెను బెంచీ మీదే కూర్చోబెట్టాడు. జట్టు 67-55తో ఓడింది. మరుసటి ఏడాది ఫైనల్లో అదే జట్టు 15 పాయింట్ల ఆధిక్యాన్ని కరగబెట్టుకుంది. నోటర్‌డామ్ అమ్మాయి ఎరీకే ఓగన్‌బావలే 0.1 సెకను మిగిలుండగా వేసిన బుట్టతో 61-58. సెమీఫైనల్లోనూ ఆఖరి సెకనులో గెలిపించింది ఈమే. ఒత్తిడి తట్టుకోలేని ఆడపిల్లలట!

2021 ఫైనల్ ఇంకా బాగుంటుంది. ఒక్క పాయింటు ముందున్న స్టాన్‌ఫర్డ్ బంతి పట్టుకుని షాట్ కూడా వేయలేక గడియారానికి బలైంది. ఇంకా ఆరు సెకన్ల పైచిలుకు ఉంది. అరిజోనా బంతిని తన స్టార్ అమ్మాయి ఆరీ మెక్‌డొనాల్డ్‌కే ఇచ్చింది. ముగ్గురు చుట్టుముట్టారు, షాట్ రింగుకు కొట్టుకుని బయటపడింది, 54-53. అది లోపలపడి ఉంటే స్టాన్‌ఫర్డ్ బెంచీ తెలివితక్కువదయ్యేది. పడలేదు కాబట్టి అనుభవం అనిపించుకుంది.

ఆడలేక మద్దెల ఓడన్నది పాత మాట. ఆడించలేక అమ్మాయిలు ఓడు అంటున్నారు ఇప్పుడు. ఫీబా వారికి నాదొక విన్నపం. వాడకుండా మిగిలిన టైమౌట్లను సర్వీసు రిజిస్టరులో జమ చేసుకునే వీలు కల్పించండి. మా వైపు సార్లు రిటైరయ్యేనాడు ఆర్జిత సెలవులతోపాటు వాటికీ సొమ్ము కట్టించుకోవచ్చు.