బీరువా తాళం జాగ్రత్త, మాస్టారూ!

మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే, అందులో ఒక ఫిజికల్ సైన్సు పోస్టు మీరు కొట్టారు. శుభం. తయారీకి లోటేముంది? రెండేళ్ల బీఎడ్‌లో తోటి ట్రైనీలే ఎనిమిదో తరగతి పిల్లల్లా నోళ్లు తెరుచుకుని కూర్చుంటే మైక్రో టీచింగ్ చేశారు. సీనియర్ రికార్డు చూసి మీ రికార్డు రాశారు. ఆ సీనియరు ఎవరిది చూశాడో మనకెందుకు? ఆపైన అవనిగడ్డలో గది తీసుకుని బిట్లు నూరారు. 'టప్'మంటూ మండే వాయువేది? హైడ్రోజన్. కరెక్టే. ఆ 'టప్' ఎప్పుడైనా చెవులారా విన్నారా? పోనీలెండి, అది బిట్లలో రాదు.

అసలు శిక్షణ ఇప్పుడు మొదలు. చేరిన వారానికే మీకు ల్యాబు అప్పగిస్తారు. ల్యాబంటే కంగారు పడకండి, పాత జవాబుపత్రాల కట్టల వెనకున్న ఇనప బీరువా. తాళంచెవి హెడ్మాస్టారి సొరుగులో ఉంటుంది. తెరిస్తే ఒత్తి లేని సారాదీపం, లేబుల్ ఊడిన సీసా. అందులో ఉన్నది ఆమ్లమో క్షారమో లిట్మస్ చెప్పాలి. ఆ లిట్మస్సేమో తాను ఎరుపో నీలమో తానే మరచిపోయింది.

పక్కనే స్టాక్ రిజిస్టరు. పరీక్షనాళికలు 24, పగిలినవి 0. ఏడేళ్లుగా అదే లెక్క, మారినవల్లా సంతకాలు. ఎంత జాగ్రత్త! పగిలితే జీతంలోంచి కట్టిస్తారేమోనని భయం మరి. మన పిల్లలు బోర్డు మీద సుద్దముక్కతో గీసిన నాళికలోనే జింకు వేసి, ఆమ్లం పోసి, పది పాసవుతారు. సుద్దనాళిక పగలదు కదా.

మీకు మాత్రం తీరికెక్కడిది? ఫోనుకి ముఖం చూపించి హాజరు వేయాలి, మధ్యాహ్న భోజనం లెక్క ఎక్కించాలి, సర్వరు లేచేదాకా కాచుకోవాలి. ఈలోగా పీరియడ్ గంట కొట్టేస్తారు.

ఫిబ్రవరి 28న సైన్స్ డే మాత్రం మరవకండి. ముగ్గుల పోటీ పెట్టి, రామన్ పటానికి దండేసి, కొబ్బరికాయ కొట్టండి. 1928 నాటి తన వెతుకులాటలో ఆయన వాడిన వాటిలో ఎండ ఒకటి, రంగు ఫిల్టర్లు ఇంకొకటి. ఎండ మన బడి వరండాలోనూ పడుతుంది. రిజిస్టర్లోకి ఎక్కలేదు గనుక దానికింకా తాళం పడలేదు.

ఒక్క మనవి మాస్టారూ. ఈ ఏడాది ఆ 'పగిలినవి' గడిలో కనీసం ఒకటని రాయండి. నాళిక ఖరీదు నేనిచ్చుకుంటాను.