పులుసుకు జోడీ

టీవీలో వంటల కార్యక్రమం చూసి ఆదివారం నెల్లూరు చేపల పులుసు పెట్టినవారు దానికి జతగా చవకలో ఏ వైన్ కొనాలని విచారిస్తే, వైన్ పులుపు వంటకం పులుపుకు తీసిపోరాదని నిపుణులు సెలవిస్తారు. ద్రాక్షలో ప్రధానమైన టార్టారిక్ ఆమ్లమే చింతపండులోనూ దండిగా ఉన్నందునా, పైగా మామిడికాయ ముక్కలు కూడా పడినందునా, ఆ పోటీలో సీసా ఓడక తప్పదు. ఎర్ర వైన్‌లోని టానిన్, అనగా నోటిని పిడచగట్టించే వగరు పదార్థం, కారం మంటను మరింత ఎగదోస్తుంది. 2021లో కరోనా నాటుమందుకు వేలమంది బారులు తీరిన నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి ఇంత శాస్త్రచర్చ అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరు నాటి మద్యం విధానం 180 మిల్లీలీటర్ల సీసాను 99 రూపాయలకే అందిస్తూ, పులుసు సంగతి విచారించకుండానే జోడీని ఖరారు చేసింది.